జనవరి చలిలో టాంపా బే, నాన్న గాలం

నాన్న ఫ్లోరిడాలోని టాంపా వచ్చిన ఐదో వారంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇక్కడ రోజుకి ఎన్ని పోట్లమ్మా?"

నాకు తెలీదు. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. వారానికి మూడు రోజులు హోవర్డ్ ఫ్రాంక్‌ల్యాండ్ బ్రిడ్జి మీదుగా ఆఫీసుకి వెళ్తాను. కింద నీళ్లు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో ఒక్కరోజూ చూసిన పాపాన పోలేదు.

నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు. మొగల్తూరు వైపు, సముద్రానికి దగ్గర్లో, ఒక మురుగు కాలువ చివర స్లూయిస్ అనే నీటి తలుపుల మీద 31 ఏళ్లు పనిచేశారు. సముద్రం ఎక్కే పోటు వస్తే ఉప్పునీళ్లు పొలాల మీదకి ఎగదన్నకుండా తలుపులు దించాలి. నీరు వెనక్కి తీసే పాటు మొదలవగానే ఎత్తి మురుగునీళ్లు వదలాలి. పోటుకి పగలూ రాత్రీ లేదు కాబట్టి నాన్నకీ ఉండేది కాదు. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని వెళ్లి, స్కేలు చూసి, రిజిస్టర్లో నీటిమట్టం రాసి వచ్చేవారు. సాయంత్రాలు ఆ స్లూయిస్ కిందే గాలం వేసేవారు. పోటునీళ్లతో పాటు పండుగప్ప ఎదురెక్కి వచ్చి తలుపుల దగ్గర కాపు కాస్తుంది. మా ఇంట్లో పండుగప్ప కొనుక్కుని తిన్నది నాకు గుర్తులేదు.

అలాంటి మనిషిని నవంబర్‌లో తీసుకొచ్చి టాంపా శివారు వెస్లీ చాపెల్‌లో, కారు లేకపోతే పాలప్యాకెట్టు కూడా తెచ్చుకోలేని వీధిలో కూర్చోబెట్టాను. అమ్మకి పిల్లలున్నారు, వంటిల్లుంది, సాయంత్రం వాకింగ్‌లో కలిసే గుంటూరు పిన్నిగారు ఉన్నారు. నాన్నకి సోఫా, టీవీ. నేను అడిగితే "బాగానే ఉందమ్మా" అనేవారు.

అందుకే ఆ ప్రశ్న వినగానే ల్యాప్‌టాప్ తీసి అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా వాళ్ల పట్టికలు చూపించాను. నాన్న ముందు నమ్మలేదు. మన తూర్పు తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు ఖాయం. ఇక్కడ అలా కాదు. టాంపా బేలో, అంటే ఊరి పక్కన నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రంలో, కొన్ని రోజులు రెండేసి, కొన్ని రోజులు ఒక్కటే. ఎక్కిదిగే ఎత్తు కూడా మామూలుగా రెండు మూడు అడుగులే. "ఒక్క పోటేంటమ్మా, విడ్డూరం" అంటూ పిల్లల నోట్‌బుక్ ఒకటి తీసుకుని గీతలు కొట్టి వారం రోజుల పట్టిక ఎక్కించారు. తేదీ, పోటు, పాటు, గాలి. ఆ అక్షరాలు నేను చిన్నప్పుడు చూసిన రిజిస్టర్లో అక్షరాలే.

ఆ రాత్రే ఫిషింగ్ చార్టర్ బుక్ చేద్దామని నిర్ణయించుకున్నాను.

చార్టర్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉన్న కెప్టెన్ తన బోటు మీద మనల్ని తీసుకెళ్లి చేపలు పట్టిస్తాడు. చిన్న బోట్ల కెప్టెన్లకి ఆరుగురు ప్రయాణికుల వరకే అనుమతి. కర్రలు, రీళ్లు, ఎర, ఐస్ అన్నీ ఆయనవే. ఫ్లోరిడాలో చార్టర్ బోటు లైసెన్సు కిందే ప్రయాణికులకీ అనుమతి వచ్చేస్తుంది కాబట్టి మనం విడిగా ఫిషింగ్ లైసెన్సు తీసుకోనక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలున్న ఇళ్లకి ఇది నిజంగా సుఖం.

నాకు దీనితో ముందొక చేదు అనుభవం ఉంది. మూడేళ్ల క్రితం డిసెంబర్‌లో ఆఫీసువాళ్లతో కలిసి ఒక పెద్ద బోటులో బే దాటి గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం లోపలికి వెళ్లాం. ముందురోజే చలిగాలి దిగింది. వెళ్లకూడని రోజని ఆ బోటువాళ్లకి తెలుసు, మాకు తెలీదు. అడ్వాన్సు కట్టించుకున్నారు కాబట్టి తీసుకెళ్లారు. ఐదు గంటలు అలల మీద ఊగి, తొమ్మిది మందిలో ఏడుగురం వాంతులు చేసుకుని, ఒక్క చేప లేకుండా ఒడ్డున పడ్డాం. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. డబ్బు పోయినందుకు కాదు, "ఇవాళ వద్దు" అని ఒక్క మాట చెప్పనందుకు.

ఈసారి బే లోపలే తిప్పే చిన్న బోటు చూశాను. ఫోన్‌లో కెప్టెన్‌ని అడిగిన మొదటి ప్రశ్న: "వాతావరణం బాగోకపోతే మీరు చెప్తారా, మేం అడగాలా?" ఆయన నవ్వి, "నేనే చెప్తాను, మీరు విసుక్కోకూడదు" అన్నారు.

అన్నట్టే రెండుసార్లు వాయిదా వేశారు. మొదటిసారి చిరాకొచ్చిన మాట నిజం, లీవు పెట్టుకున్నాను కదా. కానీ నాన్న స్పీకర్‌లో ఆయన మాటలు నా చేత తెలుగులో చెప్పించుకుని శ్రద్ధగా విన్నారు. ఇక్కడ చలికాలమంతా ఉత్తరం నుంచి వారానికొకటి చొప్పున చలిగాలులు దిగుతుంటాయి. వీళ్లు ఫ్రంట్ అంటారు. ఫ్రంట్ వచ్చే ముందు ఒకటి రెండు రోజులు గాలి దక్షిణం నుంచి వెచ్చగా వీస్తుంది, గాలి ఒత్తిడి పడిపోతుంది, చేపలు ఆబగా తింటాయి. ఫ్రంట్ దాటాక గాలి ఉత్తరానికి తిరుగుతుంది. ఆకాశం కడిగినట్టు నీలంగా, ఫొటోలకి బ్రహ్మాండంగా ఉంటుంది. చేప మాత్రం నోరు తెరవదు. పైగా ఆ ఉత్తరపు గాలి బేలో నీళ్లని గల్ఫ్‌లోకి తోసేస్తుంది. పట్టికలో రాసిన పాటు కంటే ఇంకో అడుగు కిందకి దిగిపోతుంది నీరు.

"మనకి తుపానుకి నీళ్లు పైకి తోసుకొస్తాయి, వీళ్లకి చలిగాలికి వెనక్కి లాగేస్తాయన్నమాట" అన్నారు నాన్న. నోట్‌బుక్‌లో గాలి గడి ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది.

సంక్రాంతి వెళ్లిన వారం, ఫ్రంట్ దాటిన మూడోరోజు, గురువారం కుదిరింది. మా ఆయన పిల్లల్ని స్కూల్లో దింపుతానన్నారు. అమ్మ బోటు ఎక్కనని ముందే తేల్చేసింది. గుమ్మం దాకా వచ్చి ఒక్క మాటే చెప్పింది. "తలకాయలు పారేయనివ్వకండి."

పొద్దున ఎనిమిదిన్నరకి రస్కిన్‌లో బోటెక్కాం. చలికాలంలో తెల్లవారుజామునే బయల్దేరి లాభం లేదట, ఎండ కాస్త నీళ్లకి తగలాలి. చలి 48 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 9. నాన్న మంకీ క్యాపు మీద నా స్వెట్‌షర్ట్ హుడ్ కూడా లాక్కున్నారు. కెప్టెన్‌కి యాభై దాటి ఉంటాయి, ఎండకి ఎర్రగా కమిలిన మొహం. నాన్న ఆయన్ని చూడగానే నమస్కారం పెట్టి, ఆ క్షణం నుంచి రోజంతా ఆయన్ని, మన వైపు బోటు నడిపేవాళ్లని పిలిచినట్టు, "సరంగు గారు" అనే పిలిచారు. మూడోసారికి ఆయన ఆ పిలుపుకి పలకడం మొదలుపెట్టారు.

లిటిల్ మనాటీ నది మొగ దాటేసరికి పాటు పూర్తిగా తీసి ఉంది. నేను నీళ్లనుకుంటూ వచ్చిన చోటంతా నేల. పచ్చగడ్డి నేలకి అంటుకుపోయి పడుంది. ఆల్చిప్పల దిబ్బలు నల్లగా, అంచులు కత్తుల్లా పైకి తేలాయి. ఇసుకతిన్నె మీద వందల కొద్దీ తెల్ల పెలికన్లు. "గూడబాతులు!" అన్నారు నాన్న. మన కొల్లేరులో, ఆటపాకలో కనిపించేవి బూడిదరంగువి. ఇవి తెల్లటివి, ఉత్తరాది చలికి తట్టుకోలేక శీతాకాలం గడపడానికి ఇక్కడికి దిగుతాయి. సరంగు గారు బోటు నెమ్మది చేసి, ఆ నేలంతా చూపించి, "చలికాలంలో వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఇప్పుడు చూసి గుర్తుపెట్టుకోండి. ఏ గుంట ఎక్కడుందో, ఏ దిబ్బ ఎక్కడుందో ఎండాకాలంలో కనపడదు" అన్నారు. నాన్న తల ఊపారు. ఆయన కాలువలు కట్టేసినప్పుడు ఇదే పని చేసేవారు, అడుగు చూసి పెట్టుకునేవారు.

అక్కడి నుంచి బే మొగ మీదున్న స్కైవే బ్రిడ్జి దగ్గరకి. పాటులో లోతులేని నీళ్ల మీద బోటే పోదు కాబట్టి పొద్దున లోతునీళ్లు, మధ్యాహ్నం పోటు ఎక్కాక మడ కాలువలు, ఇదీ ఆయన ప్లాను.

స్కైవే గురించి నేనే నాన్నకి చెప్పాను. 1980 మే 9 పొద్దున, గాలివానలో కంటికి ఏమీ కనపడని వేళ, సమ్మిట్ వెంచర్ అనే సరుకు ఓడ పాత వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన ముక్క కూలి, దాని మీదున్న బస్సు, కార్లు నీళ్లలో పడ్డాయి. 35 మంది పోయారు. కొత్త వంతెన 1987లో తెరిచారు. పాత వంతెనలో మిగిలిన రెండు కొసల్ని చేపలు పట్టుకునే పియర్లుగా ఉంచేశారు. కొత్తదాని స్తంభాల చుట్టూ ఓడలు తగలకుండా పెద్దపెద్ద కాంక్రీటు దిమ్మెలు కట్టారు. నాన్న మాట్లాడకుండా పాత కొస వైపు చూసి చేతులు జోడించారు.

మాకు కావలసిన చేప ఆ దిమ్మెల దగ్గరే ఉంది. షీప్స్‌హెడ్. ఒంటి మీద నిలువుగా నల్లచారలు. కాంక్రీటుకి అతుక్కున్న బార్నకిల్స్ అనే చిన్న గుల్లజీవుల్ని, ఆల్చిప్పల్ని, పీతల్ని కొరికి తినడం దాని బతుకు. చలికి మిగతా చేపలు నీరసపడితే ఇది చలికాలంలోనే గుంపులు కట్టి వంతెనలు, రాళ్లు, పియర్ల దగ్గరకి వస్తుంది. ఎర చిన్న పీతలు. వాటిలో మగదానికి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దగా ఉంటుంది. కోరంగి మడ అడవుల్లో బురద మీద చెయ్యి ఊపుతూ కనిపిస్తాయే, ఆ జాతే. సరంగు గారు ఎలా గుచ్చాలో చూపించబోతే నాన్న అప్పటికే ఒకటి పట్టుకుని, కాలు మొదట్లోంచి గాలం దూర్చి, పీత చావకుండా కాళ్లాడిస్తుండగా తయారుగా ఉంచారు.

చెప్పడానికి తేలికే గానీ, దీన్ని పట్టడం నాకు చేతకాలేదు. కర్ర వంగదు, దారం లాగదు, ఏమీ తెలీదు. పైకి తీస్తే ఉత్త గాలం. ఒకదాని తర్వాత ఒకటి పదకొండు పీతలు పోగొట్టాను.

నాన్న రెండు పీతలు పోగొట్టి ఆగిపోయారు. కర్ర కొన చూడటం మానేశారు. రీలు ముందున్న దారాన్ని ఎడమచేతి చూపుడువేలి మీదకి ఎక్కించుకుని, బొటనవేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి, కళ్లు మూసుకున్నారు. ఊళ్లో కర్ర లేకుండా చేతిగాలం వేసేటప్పుడు ఎలా కూర్చునేవారో అలాగే. సరంగు గారు నాకు చెప్తున్న మాట మధ్యలో ఆపి ఆయన్నే చూస్తున్నారు. నాకు గాలి చప్పుడు, పైన వంతెన మీద లారీల మోత తప్ప ఏమీ లేదు. నాన్న వేలి మీద దారం వణకలేదు, బిగియలేదు. పైగా కొంచెం వదులైంది. అంతే, మణికట్టు ఒక్కసారి పైకి తిప్పారు. కర్ర విల్లులా వంగింది.

"బరువు తగ్గింది చూశావా. నోట్లో పెట్టుకుని పైకి ఎత్తింది. లాగేదాకా ఆగితే ఉమ్మేస్తుంది" అన్నారు రీలు తిప్పుతూ. నేను ఇంగ్లీషులో చెప్పాను. సరంగు గారు వెంటనే ఏమీ అనలేదు, తన చూపుడువేలు పైకెత్తి నాన్నకి చూపించారు. తర్వాత నేనూ అలాగే వేలి మీద దారం పెట్టుకుని, ఇరవై నిమిషాలకి ఒకటి పట్టాను.

బోటులోకి వచ్చాక దాని నోరు చూసి ఒళ్లు జలదరించింది. ముందువరసలో అచ్చం మనిషి పళ్లు. తెల్లగా, చదరంగా, పక్కపక్కనే. లోపల పైనా కిందా గుండ్రటి దంతాలు వరసలు వరసలుగా, పీతపెంకుల్ని పిండిచేయడానికి. వీపు మీద ముళ్లు నిటారుగా లేచి ఉన్నాయి. పట్టుకోవడం తెలియకపోతే అరచెయ్యి చిల్లులే. పొడవు 15 అంగుళాలు. 12కి తగ్గితే వదిలేయాలని ఇక్కడ రూలు, మనిషికి రోజుకి 8 వరకు ఉంచుకోవచ్చు. అంటే మా ఇద్దరికీ పదహారు.

నాలుగో చేప ఒంట్లో బరువు తేడాగా అనిపించి నాన్న దాని పొట్ట మెల్లగా నిమిరారు. "గుడ్లున్నాయమ్మా. సరంగు గారిని అడుగు, గుడ్ల మీదున్నదాన్ని ఎందుకు పట్టనిస్తున్నారో."

ఆ ప్రశ్న అనువదించడానికి నాకు కాస్త మొహమాటమేసింది. ఆయన మాత్రం సూటిగా జవాబు చెప్పారు. ఇది శీతాకాలం చివర నుంచి వసంతం దాకా గుడ్లు పెట్టే చేప, గుంపు కట్టేది అందుకే, మనకి దొరికేదీ అందుకే. మనిషికి ఎనిమిదన్న లెక్క ఉంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో బోటు మొత్తానికి 50 దాటకూడదన్న కట్టడి కూడా ఉంది. "చాలదు అనేవాళ్లూ ఉన్నారు. నేనైతే నా బోటులో ఎనిమిదేసి పట్టించను" అన్నారు. నాన్న ఆ గుడ్లచేపని నీళ్లలోకి వదిలి, ఇంకొకటి పట్టి, మొత్తం నాలుగు కాగానే కర్ర పక్కన పెట్టేశారు. "ఇంటిల్లిపాదికీ రెండు పూటలకి చాలు." ఇంకా పడుతుండగా చాలనుకున్నవాళ్లని ఆ బోటులో ఆయన ఎంతమందిని చూసి ఉంటారో నాకు తెలీదు, సరంగు గారు మాత్రం టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు.

నిమ్మకాయ పులిహోర ముగ్గురం తిన్నాం. ఆయన రెండోసారి పెట్టించుకున్నారు.

మధ్యాహ్నానికి పోటు ఎక్కడం మొదలైంది. వెనక్కి, తూర్పుగట్టు వైపు, మడచెట్ల మధ్య నల్లటి బురద కాలువలోకి వెళ్లాం. ఇక్కడ నాకు చలికాలపు వేట అసలు కిటుకు కనపడింది. బోటు స్క్రీన్ మీద నీటి వేడి చూపిస్తుంది. పొద్దున నడిబేలో అది 58. కాలువలోకి వచ్చేసరికి 61. మడచెట్ల చాటున, ఉత్తరపు గాలి తగలని వంపులో 64. ఫారన్‌హీట్‌లో ఆరు డిగ్రీలంటే మనకి పెద్ద లెక్క కాదు. చేపకి అది బతుకుతెరువు. నల్లబురద ఎండని పీల్చుకుని పైనున్న నీళ్లని వెచ్చబెడుతుంది, చలికి బే అంతా చెదిరిన చేపలు అలాంటి గుంటల్లోకి చేరి ముడుచుకుంటాయి. అపోలో బీచ్‌లో కరెంటు ప్లాంటు వదిలే వేడినీళ్ల కాలువలోకి చలికాలంలో మనాటీలు, అంటే నీళ్లలో బతికే పెద్ద జంతువులు, వందలకొద్దీ చేరతాయి, క్రిస్మస్ సెలవుల్లో పిల్లలతో కలిసి చూశాం. అక్కడా జరిగేది ఇదే.

సరంగు గారు ఇంజను ఆపి పొడవాటి గడకర్రతో బోటు నెట్టారు. "మెల్లగా లాగండి, ఇంకా మెల్లగా, మీకు విసుగొచ్చేంత మెల్లగా" అన్నారు. చల్లటి నీళ్లలో చేప పరిగెత్తి తినదు, నోటి ముందుకొస్తేనే తెరుస్తుంది. నాకు ట్రౌట్ ఒకటి పడింది, ఒంటి మీద నల్లచుక్కలతో. ఫొటో తీసుకుని వదిలేశాను.

తర్వాత నాన్న రొయ్య గుచ్చి మడవేర్ల అంచున వేశారు. నిమిషం గడిచింది. దారం పక్కకి జరిగింది, నీరు పగిలింది, వెండిరంగు చేప ఒకటి గాలిలోకి లేచి తల విదిలించి పడింది.

"పండుగప్పే! పండుగప్పమ్మా!" నాన్న అరిచారు. మూడు నెలల్లో ఆయన గొంతు అంత పెద్దగా వినలేదు.

అది స్నూక్. వంపు తిరిగిన నుదురు, ముందుకి పొడుచుకొచ్చిన కింది దవడ, బంగారు రంగు కన్ను, అన్నీ పండుగప్పవే. ఒక్కటే తేడా, దీనికి మొప్ప నుంచి తోక దాకా పెన్నుతో గీసినట్టు నల్లగీత. తర్వాత చదివితే తెలిసింది, నాన్న అన్నది ఊరికే పోలిక కాదు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ ఒకే కుటుంబంలో పెట్టారు. రెండూ ఉప్పునీళ్లకీ మంచినీళ్లకీ మధ్య తిరిగేవే. రెండూ మొదట మగవిగా ఉండి, పెద్దయ్యాక ఆడవిగా మారేవే.

నీళ్లలోనే ఉంచి కొలిచారు. 29 అంగుళాలు. ఇక్కడ స్నూక్ 28 నుంచి 33 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, అదీ మనిషికి ఒక్కటే. కొలత సరిపోయింది. నాన్న నా వైపు చూశారు, నేను సరంగు గారి వైపు.

"ఇది సీజన్ కాదు" అన్నారాయన. గల్ఫ్ తీరంలో డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా స్నూక్‌ని పట్టి వదలచ్చు, ఉంచుకోకూడదు. ఇలా చలికి గుంటలో ముడుచుకున్నప్పుడు ఎవరైనా పట్టేయగలరు కాబట్టి. 2010 జనవరిలో రోజుల తరబడి చలి విడవలేదు, స్నూక్‌లు లెక్కలేనన్ని చచ్చి తేలాయి. ఆ తర్వాత ఈ తీరంలో 2013 సెప్టెంబర్ దాకా ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్లనివ్వలేదు. "ఆ వారం నేను ఈ కాలువలోనే ఉన్నాను, వాసన ఇప్పటికీ గుర్తే" అన్నారు.

ఇదంతా చెప్పడానికి నాకు మాటలు కూడదీసుకోవాల్సి వచ్చింది. నాన్న పూర్తిగా విననేలేదు. "మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేస్తారు కదమ్మా, అలాంటిదే. నాకెందుకు తెలీదు" అని అప్పటికే బోటు అంచున మోకాళ్ల మీద కూర్చున్నారు. "సరంగు గారిని అడుగు, నేను వదులుతానని."

మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుందని ఆయన హెచ్చరించేలోపే నాన్న దాని కింది పెదవిని బొటనవేలితో పట్టుకున్నారు. పండుగప్పకీ అక్కడ కత్తే. రెండో చెయ్యి తోక మొదట్లో వేసి, తల పోటునీళ్లకి ఎదురుగా తిప్పి పట్టుకున్నారు. ముందుకీ వెనక్కీ ఆడించలేదు, ఊరికే పట్టుకున్నారు, నీళ్లే నోట్లోంచి మొప్పల్లోకి పోయేలా. చేప మొదట పక్కకి ఒరిగింది. మొప్ప ఒకసారి తెరుచుకుంది, మూసుకుంది. చాలాసేపు. స్వెట్‌షర్ట్ చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి, నాన్న వేళ్లు చలికి తెల్లబడ్డాయి. ఎవరం మాట్లాడలేదు. తోక దగ్గర చర్మం కింద కండ ఒకటి కదిలింది, నాకు కూడా కనపడింది. నాన్న వేళ్లు విప్పారు. అది వెంటనే పారిపోలేదు. ఆయన చేతుల మధ్యే ఒక క్షణం నిలబడి, మడవేర్ల నీడలోకి జరిగిపోయింది.

"మళ్లీ ఎప్పుడు తీస్తారట?"

"మార్చి 1న, నాన్నా."

నాన్న తలాడించారు. వాళ్ల తిరుగు టికెట్లు ఫిబ్రవరి 26కి ఉన్నాయి.

ఒడ్డుకి చేరాక చేపలు కోసే బల్ల దగ్గర అమ్మ మాట గుర్తొచ్చింది. సరంగు గారు పొడుగు కత్తితో రెండు వైపులా ముళ్లు లేని ముక్కలు తీసి, తలా ఎముకలూ అలాగే తొట్టెలోకి విసరబోయారు. షీప్స్‌హెడ్‌లో ఎముకే ఎక్కువ, ఆ పద్ధతిలో తీస్తే చేతికి వచ్చేది కొంచెం. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. మిగిలిన మూడూ పొలుసు మాత్రం గీకించి, మొప్పలు, పేగులు తీయించి, తలలతో సహా నిలువు ముక్కలు కొట్టించారు. పక్కన కాచుకుని ఉన్న పెలికన్‌కి ఏదైనా వేద్దామని నేను ఎముక తీయబోతే సరంగు గారు వారించారు. ఇలాంటి పెద్ద ఎముకలు వాటి గొంతు సంచిని చీలుస్తాయట.

ఆరు గంటలకి 650 డాలర్లు, పైన 130 టిప్పు ఇచ్చాను. టిప్పు 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి మర్యాద. ఎక్కువే, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిస్తే సగానికి తగ్గుతుంది. మీరు వెళ్లేటట్టయితే నా మాటగా రెండే విషయాలు. తేదీని పట్టుకుని వేలాడకండి, కెప్టెన్ వద్దంటే మానేయండి. ఇంటి నుంచి పెద్దవాళ్లని తీసుకెళ్తే వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా కెప్టెన్‌కి అనువదించండి, ఇది అడిగితే ఏమనుకుంటారో అని మధ్యలో మింగేయకండి.

అమ్మ చేపల సంచి విప్పి ఆ పళ్లు చూసి "అయ్యబాబోయ్, ఇదేం చేపండీ" అని రెండడుగులు వెనక్కేసింది. తర్వాత ఉప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడిగి, చింతపండు పులుసులో ఉల్లిముద్ద, పచ్చిమిర్చి, నిలువుగా చీరిన బెండకాయలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెని గుడ్డతో పట్టి తిప్పుతూ ఉడికించింది. కండ గట్టిగా, తియ్యగా ఉంది. పీతలు తిని పెరిగినదానికి ఆ రుచి వస్తుందన్నారు నాన్న. తలకాయ ఆయనే వేయించుకున్నారు. మర్నాటికి పులుసు ఇంకా బాగుంది.

అన్నాలయ్యాక టికెట్లు మార్చి పదో తారీకుకి మారుద్దామా అని అడిగాను. అమ్మ సరేనంది. నాన్న, "వద్దమ్మా, మార్చిలో మనూరు పెళ్లుంది" అన్నారు. తర్వాత నోట్‌బుక్ తీసి, గురువారం గడిలో పాటు ఎన్నింటికి, పోటు ఎన్నింటికి, గాలి ఎటు నుంచి, అన్నీ వరసగా రాశారు. పక్కన ఖాళీగా ఉన్నచోట కొత్తగా ఇంకో నిలువుగీత కొట్టారు. ఆయన పడుకున్నాక తెరిచి చూశాను.

"చారలచేప 5. గుడ్లది 1 వదిలాం. అమ్మాయి పట్టినవి 2. పండుగప్ప 1. కాలువ వంపు, నీరు 64. వదిలాం."